మొదటి బండి 125 సీసీనా, 250 సీసీనా? గేర్ల బండి ఇంతవరకు నడపలేదు

కొత్తచక్రం:

అందరికీ నమస్కారం. లెర్నర్ లైసెన్సు వచ్చింది. సైకిల్ బాగా తొక్కుతాను గానీ గేర్ల బండి ఎప్పుడూ నడపలేదు. ఎత్తు 163 సెం.మీ., బరువు 58 కిలోలు. రోజూ రానూపోనూ 24 కి.మీ. తిరగాలి. అందులో సగం సిగ్నళ్ళూ ట్రాఫిక్కూ, మిగతా సగం నాలుగు వరసల రోడ్డు. కొన్నాళ్ళయ్యాక వెనక ఒకరిని ఎక్కించుకోవాల్సి ఉంటుంది.

తెలిసినవాళ్ళలో సగం మంది 250 తీసుకో, చిన్నది కొంటే ఆర్నెల్లలో మొహం మొత్తుతుంది అంటున్నారు. మిగతావాళ్ళు 100 గానీ 125 గానీ చాలంటున్నారు. షోరూంలో 805 మి.మీ. సీటున్న బండి ఎక్కితే కాలివేళ్ళు మాత్రమే నేలకు అందాయి. సీటు కిందికి ఉన్న క్రూజర్ మీద రెండు పాదాలూ పూర్తిగా ఆనాయి కానీ స్టాండు మీంచి దాన్ని లేపలేకపోయాను. వీటిలో దేన్ని పట్టించుకోవాలి?

ఇంకో రెండు అనుమానాలు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా ఆపే ఏర్పాటు) సింగిల్ ఛానల్ చాలా, డ్యూయల్ కావాలా? కొత్తది కొనడం మంచిదా, సెకండ్‌హ్యాండా? సెకండ్‌హ్యాండ్ అయితే ఏమేం చూసుకోవాలో కాస్త వివరంగా చెప్పండి.

గేరుమార్పు:

సీసీల సంగతి తర్వాత. ముందు మీ ఎత్తు కాదు, కాలి కొలత తీసుకోండి. చెప్పులు విప్పి, గోడకు వీపు ఆనించి నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావుపాటి పుస్తకం పెట్టి గజ్జల దాకా గట్టిగా పైకి జరపండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఎంతుందో అదే కొలత. మీ ఎత్తున్నవాళ్ళకు మామూలుగా 73 నుంచి 76 సెం.మీ. మధ్య ఉంటుంది.

బండి వివరాల్లో రాసే సీటు ఎత్తు మీద ఎవరూ కూర్చోనప్పటి కొలత. మీరు ఎక్కగానే సస్పెన్షన్ కొంత దిగుతుంది, చాలా బండ్ల మీద 2 సెం.మీ. పైమాటే. బూటు అడుగు మందం మీకు ఇంకో 2, 3 సెం.మీ. కలిపిస్తుంది. కాబట్టి కాగితం మీద అందదనిపించిన బండి ఎక్కి చూస్తే అందొచ్చు. ఉల్టా కూడా జరుగుతుంది. ట్యాంకు దగ్గర సీటు సన్నగా ఉంటే కాళ్ళు తిన్నగా కిందికి దిగుతాయి. అక్కడ వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకుని 780 సీటు కూడా 800 లాగే తోస్తుంది. అందుకే అంకెలు చూసి బండిని కొట్టిపారేయొద్దు, ఎక్కి కూర్చుని చూడండి. రోజూ వేసుకోబోయే బూట్లతోనే ఎక్కండి.

ఎంత అందితే చాలు అంటే, రెండు పాదాల ముందు భాగం, అంటే వేళ్ళ వెనకుండే కండ భాగం, నేలకు ఆని బరువు మోయగలగాలి. లేదంటే ఎడమ పాదం పూర్తిగా ఆని, కుడికాలు వెనక బ్రేకు మీద ఉండగలగాలి. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఉండేది ఈ రెండో పద్ధతిలోనే. వేళ్ళ కొసలు మాత్రమే అందే బండితో చదును నేల మీద ఇబ్బంది ఉండదు. కాలు పెట్టిన చోట నేల నాలుగు సెంటీమీటర్లు దిగి ఉన్నప్పుడు, ఇసుక ఉన్నప్పుడు బండి ఆ పక్కకు ఒరుగుతుంది, ఆపడానికి మీ దగ్గర ఇక కాలు మిగలదు. నేర్చుకునే రోజుల్లో మీకు 805 వద్దు. 780 నుంచి 795 మధ్య, సీటు ముందు భాగం సన్నగా ఉన్నవి చూడండి.

క్రూజర్ విషయంలో మీ చేతులే మీకు సమాధానం చెప్పేశాయి. పాదాలు ఆనడం ఒకటి, బరువు ఆపగలగడం ఇంకొకటి. నిటారుగా ఉన్న బండి బరువు చేతికి దాదాపు తెలియదు. ఒరగడం మొదలయ్యాక డిగ్రీ డిగ్రీకీ పెరిగి, ఒక చోట దాటితే ఎంత బలమున్నా ఆగదు. 120 కిలోల బండి కొంత ఒరిగాక కూడా వెనక్కి లాగొచ్చు. 190 కిలోల బండి అదే కోణంలో పడిపోతుంది.

షోరూంలో ఇంజను స్టార్ట్ చేయకుండానే ఒక పరీక్ష చేయండి. ఎడమ పక్కన నిలబడి సైడ్ స్టాండు తీసి, బండిని పది మీటర్లు నడిపించండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఒక చుట్టు తిప్పండి, వెనక్కి జరపండి, డబుల్ స్టాండు ఉంటే వేయండి. డబుల్ స్టాండు చేతులతో బండిని పైకి లాగితే పడదు. స్టాండు రెండు కాళ్ళూ నేలకు ఒకేసారి ఆనేదాకా బండిని నిటారుగా సర్ది, కుడికాలితో స్టాండు మీద పూర్తి బరువు వేసి నిలబడాలి. చెయ్యి దారి చూపితే చాలు. ఇవన్నీ ఎవరి సాయమూ లేకుండా చేయగలిగిన బండే మీ పార్కింగులోనూ మీ మాట వింటుంది.

ఇక సీసీలు. 100 నుంచి 125 సీసీ బండ్లు సుమారు 8 నుంచి 11 హార్స్‌పవర్, బరువు 110 నుంచి 125 కిలోలు. 150, 160 సీసీవి 13 నుంచి 17 హార్స్‌పవర్, 140 నుంచి 150 కిలోలు. మీ దారిలో సగం నాలుగు వరసల రోడ్డు, తర్వాత వెనక ఇంకొకరు. 80 కి.మీ. వేగంలో 125కి చేతిలో మిగిలే పికప్ తక్కువ. లారీని దాటడం మొదలుపెట్టి మధ్యలో చిక్కుకునే పరిస్థితి అక్కడే వస్తుంది. అందుకని నా ఓటు 150–160కి. నిటారుగా కూర్చునే, హ్యాండిల్ వెడల్పుగా ఉండే రకం. రోజూ ఊళ్ళో మాత్రమే తిరిగేట్టయితే 125 చాలని చెప్పేవాణ్ణి.

కిందికి వంగి కూర్చునే స్పోర్ట్స్ రకం ఇప్పుడు వద్దు. మణికట్ల మీద బరువు పడుతుంది, పైగా హ్యాండిల్ తక్కువ తిరుగుతుంది. ఇరుకు సందులో యూటర్న్ ఒక్కసారికి పూర్తవక మధ్యలో ఆగాల్సి వస్తుంది. కొత్తవాళ్ళు బండి పడేసేది సరిగ్గా అలాంటి చోటే.

రెండోగేరు:

బరువు, సీటు గురించి చెప్పినవన్నీ సరైనవే. 250ని అంత తేలిగ్గా పక్కన పెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఈ రోజుల్లో సింగిల్ సిలిండర్ 250లు కొన్ని 150, 160 కిలోలే ఉంటున్నాయి, అంటే 160 సీసీ బండికంటే పది కిలోలు ఎక్కువ. పైగా డ్యూయల్ ఛానల్ ఏబీఎస్, గేరు తగ్గించినప్పుడు కుదుపు తగ్గించే అసిస్ట్-స్లిప్పర్ క్లచ్ కొన్నిటికి ఉంటున్నాయి. ఆ క్లచ్ లివరు రెండు వేళ్ళకే నొక్కుకుంటుంది. ట్రాఫిక్కులో గంటసేపు నొక్కి వదిలే చేతికి అది పెద్ద తేడా.

ఇంకో మాట. 1981లో అమెరికాలో వచ్చిన హర్ట్ నివేదిక లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను దగ్గరగా చూసింది. ప్రమాదంలో చిక్కుకున్నవాళ్ళలో సగానికి పైగా ఆ ఫలానా బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేనివాళ్ళు. మొత్తం రోడ్డు అనుభవం మాత్రం దాదాపు మూడేళ్ళు ఉంది. అంటే నడపడం వచ్చినా, బండి కొత్తదైతే ప్రమాదం పెరుగుతోంది. ఆర్నెల్లు చిన్నది నడిపి వెంటనే పెద్దదానికి మారితే ఆ కొత్త రోజులు రెండుసార్లు దాటాలి. నాలుగేళ్ళు ఉంచుకునే బండి ఒకేసారి కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

గేరుమార్పు:

@రెండోగేరు, ఆ నివేదిక గురించి మీరు చెప్పింది నిజం. వెంటవెంటనే బండ్లు మార్చొద్దనే మాట నాదీ. కానీ అందులోనే ఇంకొకటి ఉంది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు రైడర్‌కు దొరికిన సమయం సాధారణంగా రెండు సెకన్లలోపే. ఆ రెండు సెకన్లలో ఎక్కువమంది వెనక బ్రేకు తొక్కేసి చక్రం జారనిచ్చారు, ముందు బ్రేకు చాలినంత వాడలేదు. కొత్తవాళ్ళ అసలు లోటు ఇది.

250తో నా పేచీ బరువు దగ్గర కాదు, కుడి మణికట్టు దగ్గర. క్లచ్ ఒక్కసారిగా వదిలితే బండి ముందుకు ఉరుకుతుంది. ఒళ్ళు వెనక్కి వాలుతుంది. వాలిన ఒంటిని పట్టుకుని వేలాడేది హ్యాండిల్ గ్రిప్పులే. కుడి గ్రిప్పుకు వేలాడితే యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది, బండి ఇంకా ఉరుకుతుంది. 11 హార్స్‌పవర్ బండి మీద ఇది ఒక కుదుపుతో పోతుంది. 26 హార్స్‌పవర్ బండి మీద ఎదురుగా ఉన్న గోడ దాకా వెళుతుంది. దీనికి విరుగుడు ఏ బండికైనా ఒకటే. మణికట్టు గ్రిప్పు కంటే కొంచెం దిగువన ఉండేట్టు పట్టుకోవాలి, మోకాళ్ళతో ట్యాంకు పట్టుకోవాలి, ఎడమ చేతి వేళ్ళు క్లచ్ మీదే ఉండాలి. బండి ఉరికిన క్షణంలో యాక్సిలరేటర్ తగ్గించాలనే ఆలోచన రాకపోయినా ఫర్వాలేదు, క్లచ్ నొక్కితే చాలు. ఇది చేతికి వచ్చేదాకా చిన్న ఇంజను మీ పొరపాటును మన్నిస్తుంది.

ట్రైనింగ్ స్కూలు బండి మీద ఈ దశ దాటేసి వచ్చేవాళ్ళు తేలికపాటి 250 కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు. ప్రశ్న అడిగినవాళ్ళకు ఆ దశ ఇంకా మొదలవలేదు.

ఏబీఎస్ గురించి. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, ఆపే పనిలో మూడింట రెండొంతులు పైగా ముందు బ్రేకుదే. ముందు చక్రం లాక్ అయితే దాదాపు ఎప్పుడూ పడటమే. వెనక చక్రం లాక్ అయితే తోక ఊగుతుంది, చాలాసార్లు కుదురుకుంటుంది. సింగిల్ ఛానల్ అంటే ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్. అది ఉంటే పెద్ద ప్రమాదం తప్పినట్టే. డ్యూయల్ దొరికితే తీసుకోండి, తడి రోడ్డు మీద భయపడి వెనక బ్రేకు తొక్కేసే కాలికి అది కాపలా. దానికోసం సీటు ఎత్తు దగ్గరో బరువు దగ్గరో రాజీ పడొద్దు. కంబైన్డ్ బ్రేకింగ్ వేరు. అది వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకును కూడా కొంత పట్టిస్తుంది, చక్రం లాక్ కాకుండా ఆపదు.

ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివరు వేళ్ళ కింద టకటకా కొట్టుకుంటుంది. చాలామంది ఏదో చెడిపోయిందని బెదిరి వదిలేస్తారు. వదలకూడదు, అలాగే నొక్కి పట్టాలి. వదులు కంకర మీద, ఇసుక మీద ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరుగుతుంది. అక్కడ ముందే నెమ్మదించాలి.

అంకెల్లో చూడండి. 60 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బ్రేకు మీద చెయ్యి పడటానికి ఒక సెకను పోతే 17 మీటర్లు అక్కడే అయిపోయాయి. రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే పొడి రోడ్డు మీద ఇంకో 20 మీటర్లలో ఆగొచ్చు. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే ఆ 20 కాస్తా 40 దాకా పోతుంది. 40 కి.మీ. వేగంలో అయితే సెకనుకు 11 మీటర్లు, ఆ తర్వాత ఆగడానికి 9 మీటర్లు.

పాతస్పానర్:

సెకండ్‌హ్యాండ్ సంగతి నేను చెబుతాను. మొదటి బండిగా అదే మేలని నా ఉద్దేశం, ఎందుకంటే నేర్చుకునే బండి కనీసం ఒకసారి పక్కకు పడుతుంది. సైడ్ స్టాండు సరిగ్గా దిగలేదనో, యూటర్న్‌లో ముందు బ్రేకు పట్టేశారనో. ఇప్పటికే ఒక గీత ఉన్న బండి మీద ఇంకో గీత పడితే మనసు కష్టపడదు. కానీ చూడటం తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. మీకు నడపడం రాదు కాబట్టి నడిపి చూసే పని వాళ్ళది, మిగతా తనిఖీ మీరే చేయొచ్చు.

వెళ్ళే ముందు అమ్మేవాళ్ళకు ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందంటే చల్లటి ఇంజనులో బయటపడే లోపాన్ని దాచడానికి ముందే స్టార్ట్ చేసి ఉండొచ్చు. అలాంటప్పుడు ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

చల్లటి ఇంజను సెల్ఫ్‌తో రెండు మూడు సెకన్లలో అందుకోవాలి. స్టార్టవగానే సైలెన్సర్ వైపు చూడండి. తెల్లటి ఆవిరి కాసేపటికి పోతే అది నీటి తేమ, పట్టించుకోనక్కర్లేదు. నీలం పొగ అంటే ఇంజను ఆయిలు కాలుతోంది. స్టార్ట్ చేసిన కొద్దిసేపే వచ్చి పోతే వాల్వ్ సీళ్ళు పోయి ఉండొచ్చు, రేస్ ఇచ్చినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు అరిగాయనుకోవాలి. రెండోది ఇంజను పని, ఆ బండి వదిలేయండి. నల్ల పొగ పెట్రోలు ఎక్కువ పోతోందని, అది సర్దుకోవచ్చు. ఇంజను పైభాగంలో టిక్‌టిక్ చప్పుడు సన్నగా, లయగా వస్తే ట్యాపెట్లు సర్దితే పోతుంది. ఒక పక్కనుంచి గొలుసు గలగలలాడినట్టు వస్తే టైమింగ్ చైన్ వదులైంది. అడుగునుంచి డబడబ బరువైన చప్పుడు వస్తే మాత్రం బేరమే వద్దు.

పడిన బండి ఆనవాళ్ళు పెయింటు మీద వెతకొద్దు, పెయింటు ఎవరైనా వేయిస్తారు. హ్యాండిల్ కొసల బిరడాలు, క్లచ్, బ్రేకు లివర్ల చివర్లు, ఫుట్‌రెస్టుల అంచులు చూడండి. ఒక పక్కవి మాత్రమే అరిగి ఉంటే ఆ పక్కకు పడింది. నిలబెట్టిన చోట పడితే ఇవి అరిగి ఊరుకుంటాయి, అది తప్పు కాదు. పెద్ద దెబ్బ తగిలిందా లేదా చెప్పేది హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఛాసిస్‌కు ఆనే చిన్న ఇనుప దిమ్మె. అది నొక్కుకుపోయి ఉన్నా, దాని చుట్టూ పెయింటు చిట్లి ఉన్నా, ముందు చక్రం దేన్నో గట్టిగా గుద్దింది. అలాంటి బండి చేతులు వదిలితే ఒక పక్కకు లాగుతుంది.

తర్వాత డబుల్ స్టాండు వేసి, వెనక ఒకరిని నొక్కి పట్టుకోమని ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్ను ఒక్క వేలితో మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. మధ్యలో, చక్రం తిన్నగా ఉన్న చోట, గాడిలో పడ్డట్టు ఆగితే హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే కోన్‌సెట్టు పోయింది. ఇప్పుడు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాల) కింది భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్కుమంటే కోన్‌సెట్టు వదులు. ఫోర్కు గొట్టాల మీద నూనె వలయంలా కనిపిస్తే ఆయిల్ సీళ్ళు మార్చాలి. ఆ నూనె కారి బ్రేకు డిస్కు మీద పడితే ముందు బ్రేకు పట్టదు, కాబట్టి దీన్ని చిన్నదిగా తీసిపారేయొద్దు.

చైన్ కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఊపితే 20 నుంచి 30 మి.మీ. ఆట ఉండటం మామూలు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒక చోట బిగువుగా, ఇంకో చోట వేలాడుతూ ఉంటే చైన్ అసమానంగా సాగింది, సర్దితే కుదరదు, మార్చాలి. వెనక స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ళ చక్రం) పళ్ళు సొరచేప రెక్కలా ఒక పక్కకు వంగి ఉంటే మొత్తం సెట్టు మార్చాలి. కొత్త చైన్ పాత స్ప్రాకెట్ల మీద వేస్తే త్వరగా పాడవుతుంది.

టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనది. రబ్బరు వాడకున్నా గట్టిపడుతుంది, పక్కల సన్న పగుళ్ళు వస్తాయి, తడి రోడ్డు మీద పట్టు పోతుంది. ఐదారేళ్ళు దాటితే గాడి ఎంత లోతున్నా మార్చాలనే లెక్కేసుకోండి. చక్రం తిప్పి రిమ్ముకు సొట్టలున్నాయేమో చూడండి.

బ్రేకు ఆయిలు డబ్బా కిటికీలోంచి లేత పసుపు రంగు కనిపించాలి. ముదురు గోధుమ రంగులో ఉంటే చాలా కాలంగా మార్చలేదు. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, అందుకే చాలా బండ్లకు రెండేళ్ళకోసారి మార్చమంటారు. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కదిలి కాస్త వేగం అందుకున్నాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే, లోపం కనపడకుండా బల్బు తీసేశారని అనుమానించండి. బ్యాటరీకి మీటరు పెడితే ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, రేస్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. దిగువనే ఉండిపోతే ఛార్జింగ్ కాయిలో రెగ్యులేటరో పోయింది.

నడిపి చూసేవాళ్ళకు ఈ ఒక్క పని తప్పకుండా చెప్పండి. టాప్ గేరులో మధ్యస్థ వేగంలో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తెరవాలి. ఇంజను శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగాయి.

కిలోమీటర్ల మీటరును నమ్మాలంటే ఫుట్‌రెస్టు రబ్బర్లు, గేరు పెడల్ రబ్బరు, గ్రిప్పులు కూడా అదే మాట చెప్పాలి. 9,000 కి.మీ. అని చూపిస్తూ రబ్బర్లు నున్నగా అరిగి ఉంటే మీటరు తిప్పారు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద మీరే చదివి కాగితాలతో సరిచూసుకోండి, అంకెల చుట్టూ గీకిన గుర్తులుంటే వెనక్కి తిరగండి. బండి మీద అప్పు తీరినట్టు కాగితం లేకపోతే డబ్బు ఇవ్వొద్దు.

టైర్లు, చైన్‌సెట్టు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ, ఫోర్కు సీళ్ళు. వీటిలో మార్చాల్సినవి ఎన్నో లెక్కేసి ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఇవన్నీ అరిగేవే, ఉన్నంత మాత్రాన బండి చెడ్డది కాదు. ఇంజను, ఛాసిస్, కాగితాలు ఈ మూడు దగ్గర మాత్రం సర్దుకోవద్దు.

కొత్తచక్రం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. కాలి కొలత 74.5 సెం.మీ. వచ్చింది. 160 సీసీ, 790 మి.మీ. సీటు, 144 కిలోలు, సింగిల్ ఛానల్ ఏబీఎస్ ఉన్న బండి ఎక్కి చూశాను. రెండు పాదాల ముందు భాగం ఆనుతోంది, నడిపించడం, వెనక్కి జరపడం వచ్చింది. రెండేళ్ళు వాడినది ఒకటి దొరికేలా ఉంది. ఇంకా కొంచెం కిందికి కావాలంటే ఫోర్కులు దించి వేయించుకోవచ్చని ఒకరన్నారు, అది మంచిదేనా? బండి ఇంటికొచ్చాక మొదట ఏం చేయాలి?

పాతస్పానర్:

ఫోర్కులు దించొద్దు. ముందు దించితే హ్యాండిల్ తేలికై వేగంలో అదురుతుంది. వెనక కూడా దించితే సైడ్ స్టాండు పొడుగెక్కువై బండి నిటారుగా నిలబడుతుంది, గాలికే పడిపోతుంది. మలుపులో ఫుట్‌రెస్టు, సైలెన్సర్ త్వరగా నేలకు రాసుకుంటాయి. మరీ కావాలంటే సీటు ఫోము ముందు భాగంలో 2 సెం.మీ. చెక్కించి, పక్కలు సన్నం చేయించండి. బండి గుణం మారదు. మీకు పాదాల ముందు భాగం ఆనుతోంది కాబట్టి అదీ అక్కర్లేదు.

వానదారి:

బండి ఇంటికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని దాదాపు అందరూ దాటేస్తారు. లివర్లు, పెడల్లు మీ ఒంటికి సర్దుకోవాలి. సీటు మీద మామూలుగా కూర్చుని చేతులు గ్రిప్పుల మీద పెట్టి వేళ్ళు తిన్నగా చాపండి. ముంజేయి, మణికట్టు, వేళ్ళు ఒకే గీతలో ఉండగా వేళ్ళు లివరు మీద పడాలి. వేళ్ళు పైకెత్తి లివరు అందుకోవాల్సి వస్తే బిగింపు బోల్టు వదులు చేసి లివరును కొంచెం కిందికి తిప్పండి. చిన్న చేతులైతే ఇది మరీ ముఖ్యం. క్లచ్ కేబులుకు లివరు కొసన 10 నుంచి 20 మి.మీ. ఖాళీ ఆట ఉండాలి. అంతకంటే తక్కువైతే క్లచ్ పూర్తిగా పట్టుకోక జారుతుంది, ఎక్కువైతే నొక్కినా పూర్తిగా వదలక న్యూట్రల్ పడటం కష్టమవుతుంది. వెనక బ్రేకు పెడల్ పాదం ఎత్తకుండా అందాలి, పాదం దాని మీద ఊరికే ఆనించినప్పుడు బ్రేకు పట్టకూడదు.

హెల్మెట్ బండికంటే ముందే కొనుక్కోండి. ముఖం మొత్తం కప్పేది. తల చుట్టుకొలత కనుబొమల పైన టేపుతో తీసుకుని ఆ సైజు వేసుకుంటే బుగ్గలు లోపలికి నొక్కుకోవాలి. హెల్మెట్ పట్టుకుని అటూఇటూ తిప్పితే దాంతోపాటు నుదుటి చర్మమూ కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే సైజు పెద్దది. పట్టీ బిగించి వెనక నుంచి ముందుకు ఎత్తి చూడండి, ఊడొస్తే వద్దు. నుదుటి మీద ఒక్కచోటే పావుగంటకు నొప్పి పుడితే ఆ ఆకారం మీ తలకు కుదరదు, వేరే మోడల్ చూడాలి. అరచేతి దగ్గర గట్టి పొర ఉన్న గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు, ఈ రెండూ దాని తర్వాత. పడేటప్పుడు ముందు నేలకు తగిలేది అరచేతులే.

గేరుమార్పు:

@కొత్తచక్రం, కొలతలు కుదిరాయి. ఆ బండి తనిఖీలో నిలబడితే తీసుకోండి.

నేర్చుకోవడం ఖాళీ మైదానంలో కాదు, ఖాళీగా ఉన్న తారు లేదా సిమెంటు నేల మీద మొదలుపెట్టండి, మట్టి మీద బ్రేకు నేర్చుకోలేరు. మొదట యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒక్కదానితో. ఫస్ట్ గేరు వేసి క్లచ్‌ను మెల్లగా వదులుతూ బండి కదలబోయే చోటు పట్టుకోండి, ఒక మీటరు కదిలాక మళ్ళీ నొక్కి ఆపండి. ఇలా ఐదు మీటర్ల దూరం ముక్కలు ముక్కలుగా వెళ్ళగలిగితే ఆ చోటు ఎడమ చేతికి తెలిసినట్టు. చిన్న ఇంజను కూడా చదును నేల మీద రేస్ లేకుండా కదులుతుంది. ఇది తొందరపడకుండా చేయండి, తర్వాత వచ్చేవన్నీ దీని మీదే నిలబడతాయి.

తర్వాత నెమ్మదిగా మలుపులు. హాఫ్ క్లచ్ (లివరు సగమే వదిలి ఉంచడం), యాక్సిలరేటర్ కొద్దిగా, వెనక బ్రేకు మీద పాదం తేలిగ్గా. హ్యాండిల్ తిరిగి ఉండగా నెమ్మది వేగంలో ముందు బ్రేకు ముట్టుకోకండి. చక్రం తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే బండి ఆగకుండా ఆ పక్కకు కూలబడుతుంది. చూపు వెళ్ళాల్సిన చోటి మీద ఉండాలి, ముందు చక్రం మీద ఉంటే కాలు దించేస్తారు.

బ్రేకు సాధన 20 కి.మీ. వేగంతో, తిన్నగా వెళుతూ. ముందు లివరు గుప్పున పట్టకూడదు. మొదట తేలిగ్గా నొక్కి, ఫోర్కులు దిగి బరువు ముందుకు వచ్చాక గట్టిగా నొక్కాలి. అది కుదిరాక 30, ఆ తర్వాత 40. ఆగిన చోట నేల మీద సుద్దముక్కతో గీత గీసుకుంటే దూరం తగ్గుతోందో లేదో తెలుస్తుంది.

బండి పడితే ముందు తాళం ఆపేయండి. కుడిపక్కకు పడితే లేపకముందే సైడ్ స్టాండు చాపి ఉంచండి, లేదంటే లేపిన ఊపులో అటు పక్కకు పడేస్తారు. హ్యాండిల్ పూర్తిగా నేల వైపుకు తిప్పి, ఫస్ట్ గేరులో ఉంచి, సీటుకు వీపు చేసి కూర్చున్నట్టు వంగి, ఒక చేత్తో గ్రిప్పు, ఇంకో చేత్తో వెనక పట్టీ పట్టుకుని, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ తొడల బలంతో లేపాలి. నడుముతో లేపితే నడుము పట్టేస్తుంది.

ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా ఆగడం, బయల్దేరడం ఆలోచన లేకుండా చేయగలిగినప్పుడే వెనక మనిషిని ఎక్కించుకోవడం మొదలుపెట్టండి. 60 కిలోలు వెనకా పైనా చేరితే బండి ముందు భాగం తేలికవుతుంది, నెమ్మది వేగంలో ఒరిగే గుణం పెరుగుతుంది, ఆగే చోటు ముందుకు జరుగుతుంది. వెనక టైరు గాలి ఇద్దరికి వేరుగా ఉంటుంది, ఆ అంకె చైన్ గార్డు మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్ మీదో అంటించిన స్టిక్కరు మీద రాసి ఉంటుంది. చాలా బండ్లకు ఒక్కరికి 28 పీఎస్ఐ దగ్గర ఉంటే ఇద్దరికి 32 దాకా వెళుతుంది. గాలి బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. వెనక షాక్‌అబ్జార్బర్‌కు మెట్లుంటే ఒకటి రెండు మెట్లు బిగించండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మీరు రెండు కాళ్ళూ ఆనించి, ముందు బ్రేకు పట్టుకుని, సరే అన్నాకే వాళ్ళు కదలాలని ముందే చెప్పి ఉంచండి.

పాతస్పానర్:

ఒకటి మరిచాను. ఆ బండికి కొత్త టైర్లు వేయిస్తే మొదటి 150 కి.మీ. వాటి మీద గట్టి బ్రేకులు, వాలుగా మలుపులు వద్దు. అచ్చులోంచి వచ్చిన నునుపు పొర అరిగేదాకా అవి జారతాయి. కొత్త బ్రేకు ప్యాడ్లు కూడా డిస్కుకు సర్దుకునేదాకా కొంత తక్కువ పడతాయి. రెండూ ఒకే రోజు మార్పిస్తే బ్రేకు సాధన ఆ వారం పెట్టుకోకండి.